మూడో అభియోగం

1974 జూలై ఆఖరి వారంలో అమెరికా ప్రతినిధుల సభ న్యాయ కమిటీ అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ మీద మూడు అభిశంసన అభియోగాలను ఆమోదించింది. నేర దర్యాప్తుకు అడ్డుపడ్డారన్న మొదటి అభియోగం 27-11 ఓట్లతో నెగ్గింది. అధికార దుర్వినియోగానికి పాల్పడ్డారన్న రెండోది 28-10తో నెగ్గింది. కమిటీ పంపిన సమన్లను ఖాతరు చేయకుండా టేపులు, పత్రాలు తొక్కిపట్టారన్న మూడోది జూలై 30న ఓటింగ్‌కు వచ్చేసరికి లెక్క 21-17కు పడిపోయింది. మొదటి రెండింటినీ సమర్థించిన రిపబ్లికన్లలో చాలామంది మూడోదానికి చేతులెత్తలేదు. ఇద్దరు డెమోక్రాట్లు కూడా వెనకడుగు వేశారు. వాటర్‌గేట్ కథ చెప్పేవాళ్లు ఈ మూడో అభియోగాన్ని ఒక్క ముక్కలో తేల్చేసి ముందుకు పోతుంటారు. నిజానికి మూడింటిలో పునాది రాయి అదే. అధ్యక్షుడి చేతిలోని కాగితం చట్టసభ చేతికి రాకపోతే మొదటి రెండు అభియోగాలు రాయడానికే వీలుండదు. ఆ కాగితాన్ని రప్పించుకునే శక్తి తనకుందని అమెరికా కాంగ్రెస్ 1974లో రుజువు చేసుకోలేదు. నిక్సన్ దిగిపోయిన సంబరంలో ఆ లోటు ఎవరికీ కనిపించలేదు. అరవైలూ డెబ్బైల నాటి ‘సామ్రాట్టు’ తరహా అధ్యక్ష పదవిని కాంగ్రెస్ అదుపులోకి తెచ్చిందని ఇప్పటికీ చెప్పుకునే మాటలో సగమే నిజం.

మన పాఠకులకు ఇక్కడ ఒక తేడా గుర్తుచేయాలి. మన పార్లమెంటరీ పద్ధతిలో ప్రధాని మీద నేరం రుజువు కానక్కర్లేదు. బలం లేదని తేలితే చాలు. 1999 ఏప్రిల్‌లో వాజ్‌పేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆయన తప్పు చేశారా లేదా అని ఆ రోజు ఎవరూ సాక్ష్యం అడగలేదు. అమెరికా అధ్యక్షుడు సభకు జవాబుదారీ కాదు. నాలుగేళ్లకు ప్రజలే నేరుగా ఎన్నుకున్నట్టు లెక్క. మధ్యలో దించాలంటే ప్రతినిధుల సభ అభియోగం మోపాలి, సెనేట్ విచారించి మూడింట రెండొంతుల మెజారిటీతో దోషి అని తేల్చాలి. అంటే అక్కడి చట్టసభ కాసేపు కోర్టు అవతారం ఎత్తాలి. కోర్టుకు ముందుగా కావాల్సింది సాక్ష్యం. ఆ సాక్ష్యమేమో ముద్దాయి బీరువాలో ఉంటుంది, బీరువా తాళం చెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. అధ్యక్షుడికీ చట్టసభకూ మధ్య జరిగే ప్రతి పోరాటమూ చివరికి ఆ తాళం చెవి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో ఒక తలుపు గడియ పడకుండా టేపు అంటించి ఉండటం రాత్రి కాపలాదారు కంటపడింది. మామూలు విషయమే అనుకుని పీకేశాడు. కాసేపటికి మళ్లీ వచ్చి చూస్తే కొత్త టేపు అంటించి ఉంది. పోలీసులకు ఫోన్ చేశాడు. డెమోక్రాటిక్ పార్టీ జాతీయ కార్యాలయంలోకి చొరబడ్డ ఐదుగురు దొరికారు. తీగ అక్కడే చేతికి చిక్కినా డొంక కదలడానికి ఏడాది పట్టింది. వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు వుడ్‌వర్డ్, బెర్న్‌స్టీన్ ఆ వేసవి, శరదృతువుల్లో రాసిన కథనాల్లో చాలా నిజాలున్నాయి. అయినా నవంబరులో నిక్సన్ 49 రాష్ట్రాలు గెలుచుకున్నారు. పత్రికలే నిక్సన్‌ను దించాయన్న మాట పత్రికల్లో పనిచేసే మాలాంటివాళ్లకు చెవికి ఇంపుగానే ఉంటుంది గానీ, ఆ 49 రాష్ట్రాల లెక్క దాన్ని ఒప్పుకోదు. 1973 ఫిబ్రవరిలో సెనేట్ 77-0 ఓట్లతో ప్రత్యేక కమిటీ వేసింది. ఉత్తర కరోలినా సెనేటర్ శామ్ ఎర్విన్ దానికి అధ్యక్షుడు. జూన్‌లో వైట్‌హౌస్ న్యాయ సలహాదారుగా పనిచేసిన జాన్ డీన్ 245 పేజీల వాంగ్మూలం చదివి, కప్పిపుచ్చే వ్యవహారంలో అధ్యక్షుడికి భాగం ఉందన్నాడు. డీన్ మాట నిజమే. అయితే అది ఒక మనిషి మాట. ఎదుట ఉన్నది అధ్యక్షుడి మాట. స్వయంగా తప్పులో కూరుకుపోయి, తగ్గింపు శిక్ష కోసం చూస్తున్న ఉద్యోగిని నమ్మి దేశాధ్యక్షుడిని ఎవరు దించుతారు? మూడింట రెండొంతుల మంది సెనేటర్లయితే దించరు.

ఆ చిక్కుముడి విప్పింది ఒక చిన్న ప్రశ్న. జూలై 13, శుక్రవారం. కెమెరాల ముందు హాజరుపరచడానికి ముందు కమిటీ సిబ్బంది ఒక గదిలో అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్‌ను ప్రశ్నిస్తున్నారు. ఆయన వైట్‌హౌస్ దైనందిన వ్యవహారాలు చూసిన అధికారి. అక్కడి సంభాషణలను రికార్డు చేసే ఏర్పాటేదైనా ఉండేదా అని అడిగింది రిపబ్లికన్ పక్షం నియమించిన న్యాయవాదే కావడం విశేషం. ఈ ప్రశ్న ఎవరూ అడగకూడదని కోరుకున్నానంటూనే బటర్‌ఫీల్డ్ ఉందని ఒప్పుకున్నాడు. 1971 ఫిబ్రవరి నుంచి ఓవల్ ఆఫీసులో ఎవరు నోరు విప్పితే వాళ్ల గొంతుకు యంత్రం దానంతటదే మేల్కొని రికార్డు చేసేది. సోమవారం అదే మాట దేశమంతా టీవీలో విన్నది. డీన్ చెప్పింది నిజమో కాదో తేల్చే సాక్షి ఇప్పుడు దొరికింది. ఆ సాక్షి వైట్‌హౌస్‌లోనే ఉంది.

కాంగ్రెస్ విజయగాథ చెప్పేవాళ్లు తడబడాల్సింది ఇక్కడే. ఎర్విన్ కమిటీ వెంటనే టేపులకు సమన్లు పంపింది. నిక్సన్ ఇవ్వనన్నారు. కమిటీ కోర్టుకెక్కింది. ఈ వివాదం విచారించే అధికార పరిధి తనకు లేదని న్యాయమూర్తి జాన్ సిరికా కొట్టేశారు. దాంతో కాంగ్రెస్ ఆ పరిధిని కల్పిస్తూ ఏకంగా ఒక చట్టమే చేసింది. 1973 డిసెంబరులో అది అధ్యక్షుడి సంతకం లేకుండానే అమల్లోకి వచ్చింది. కేసు మళ్లీ నడిచింది, కమిటీ మళ్లీ ఓడింది. 1974 మేలో అప్పీలు కోర్టు కూడా కాదంది. ఆ టేపుల్లో కొన్ని అప్పటికే ప్రతినిధుల సభ కమిటీకి చేరాయి కాబట్టి సెనేట్ కమిటీకి అవి తప్పనిసరి అనిపించడం లేదని తీర్పు సారాంశం. 77-0 ఓట్లతో పుట్టి, దేశమంతా టీవీలకు అతుక్కుపోయి చూసిన కమిటీ, సొంత బలంతో కోర్టు నుంచి ఒక్క టేపు కూడా రాబట్టలేకపోయింది.

మరి టేపులు ఎలా బయటికొచ్చాయి? ప్రాసిక్యూటర్ ద్వారా వచ్చాయి. ఆ ప్రాసిక్యూటర్ కాంగ్రెస్ మనిషి కాడు, కాగితం మీద అధ్యక్షుడి కిందివాడే. కాంగ్రెస్ చేసిన అసలు తెలివైన పని అంతా ఈ నియామకంలో ఉంది. 1973 మేలో ఎలియట్ రిచర్డ్‌సన్‌ను అటార్నీ జనరల్‌గా ఆమోదించాలంటే స్వతంత్రంగా పనిచేసే ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను నియమించాలనీ, తీవ్రమైన తప్పిదం చేస్తే తప్ప తొలగించకూడదనీ సెనేట్ న్యాయ కమిటీ మెలిక పెట్టింది. ఆమోదం ఇచ్చే అధికారాన్ని తూకపు రాయిగా వాడుకుంది. అలా వచ్చినవాడే హార్వర్డ్ న్యాయ ఆచార్యుడు ఆర్చిబాల్డ్ కాక్స్. ఆయన అడిగిన తొమ్మిది టేపులను తనకు ఇవ్వాలని, ముందు తాను విని ఏది ఇవ్వవచ్చో తేలుస్తానని సిరికా ఆదేశించారు. అప్పీలు కోర్టు సమర్థించింది. నిక్సన్ అక్టోబరులో ఒక మధ్యేమార్గం చెప్పారు. టేపులు ఇవ్వరట. వాటి సారాంశం రాసిస్తారట. అది సరిగ్గా ఉందో లేదో మిసిసిపీ సెనేటర్ జాన్ స్టెన్నిస్ విని ధ్రువీకరిస్తారట. 72 ఏళ్ల స్టెన్నిస్ పెద్దమనిషే, ఎవరూ కాదనరు. కానీ ఆయనకు చెవుడు! దేశం మొత్తమ్మీద టేపులు వినడానికి అధ్యక్షుడు ఏరికోరి చెవులు సరిగా వినపడని పెద్దాయనను ఎంచుకున్నారని వాషింగ్టన్ నవ్వుకుంది. కాక్స్ ఒప్పుకోలేదు. అక్టోబరు 20, శనివారం రాత్రి కాక్స్‌ను తీసేయమన్న ఆదేశాన్ని రిచర్డ్‌సన్ పాటించకుండా రాజీనామా చేశారు. ఆయన తర్వాతి స్థానంలో ఉన్న రకెల్‌షాస్ కూడా కాదన్నారు. చివరికి సొలిసిటర్ జనరల్ రాబర్ట్ బోర్క్ ఆ పని ముగించారు. రిచర్డ్‌సన్ మేలో సెనేట్‌కు ఇచ్చిన మాటకు కట్టుబడి పదవి వదులుకున్నారు. కాంగ్రెస్‌కు ఆ రాత్రి అక్కరకొచ్చింది సమన్లు కాదు, అయిదు నెలల కిందట పదవి ఇవ్వడానికి ముందు కట్టిన షరతు. ప్రజాగ్రహం ఎంతగా పెల్లుబికిందంటే మూడు రోజుల్లో నిక్సన్ దిగొచ్చి టేపులు ఇస్తామనాల్సి వచ్చింది. కొత్త ప్రాసిక్యూటర్ లియాన్ జవోర్‌స్కీని కూడా వేయాల్సి వచ్చింది.

ఇస్తామన్న టేపుల్లో రెండు సంభాషణలు అసలు రికార్డే కాలేదన్నారు. మరో టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాలు ఖాళీ. దొంగలు పట్టుబడిన మూడో రోజున నిక్సన్, ఆయన వైట్‌హౌస్ సిబ్బంది అధిపతి హాల్డెమన్ మాట్లాడుకున్న మాటలవి. అధ్యక్షుడి కార్యదర్శి రోజ్ మేరీ వుడ్స్ ఫోన్ ఎత్తడానికి వెనక్కి వంగినప్పుడు కాలు పెడల్ మీద ఉండిపోయి కొంత చెరిగిపోయి ఉండవచ్చన్నారు. ఆ భంగిమను ఫొటోగ్రాఫర్ల ముందు చేసి చూపించారు. ఎడమ చెయ్యి వెనకున్న ఫోను దాకా సాగింది, ఒళ్లంతా ఒక పక్కకు ఒరిగింది, కాలు మాత్రం పెడల్ వదలలేదు. యోగాసనాలు వేసేవాళ్లకు కూడా కష్టమే. కనీసం అయిదుసార్లు విడివిడిగా చెరిపారని నిపుణుల బృందం తేల్చింది. ప్రతినిధుల సభ కమిటీ 1974 ఏప్రిల్ 11న 42 సంభాషణలకు సమన్లు పంపితే, ఆ నెలాఖరున నిక్సన్ టీవీలో కనిపించి, టేపులకు బదులు తమవాళ్లు కత్తిరించి రాసిచ్చిన 1200కు పైగా పేజీల ప్రతులను పక్కన దొంతరలుగా పేర్చి చూపించారు. టేపు వినకుండా ప్రతి చదవమనడం, ఫిర్యాదు చేసినవాణ్ణి పక్కనపెట్టి దొంగ చేతే పంచనామా రాయించడం లాంటిది. కమిటీ అధ్యక్షుడు పీటర్ రోడినో మాత్రం కోర్టుకు వెళ్లలేదు. అభిశంసన అధికారం రాజ్యాంగం సభకే ఇచ్చింది, దానికి ఏ సాక్ష్యం కావాలో కోర్టు చెప్పనక్కర్లేదన్నది ఆయన పట్టుదల. ఇల్లినాయ్ రిపబ్లికన్ రాబర్ట్ మెక్లోరీ అదే వాదనతో మూడో అభియోగాన్ని ప్రతిపాదించారు. మొదటి అభియోగానికి వ్యతిరేకంగా ఓటేసిన మనిషి ఆయన! నేరం చేశారో లేదో తేలకున్నా, సభకు సాక్ష్యం ఇవ్వకపోవడమే అభిశంసనకు చాలునన్నది ఆయన వైఖరి.

జూలై 24న సుప్రీంకోర్టు 8-0తో, జవోర్‌స్కీ అడిగిన టేపులు ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. ఆ ఎనిమిది మందిలో ప్రధాన న్యాయమూర్తి బర్గర్ సహా ముగ్గురు నిక్సన్ నియమించినవాళ్లే. ఈ తీర్పును అధ్యక్షుడు చట్టానికి అతీతుడు కాడన్న మాటకు ఉదాహరణగా అందరూ చెబుతారు. చదివితే మరో రెండు సంగతులు కనిపిస్తాయి. అధ్యక్షుడి సంభాషణలకు గోప్యత అవసరమని, దానికి రాజ్యాంగ మూలం ఉందని సుప్రీంకోర్టు మొట్టమొదట ఒప్పుకున్నది కూడా ఈ తీర్పులోనే. క్రిమినల్ విచారణ అవసరం ముందు అది తలవంచాలని మాత్రమే కోర్టు చెప్పింది. కాంగ్రెస్ సమాచారం అడిగితే ఏమవుతుందో తాము తేల్చడం లేదని ఒక అధోజ్ఞాపికలో ప్రత్యేకంగా రాసింది. తలుపు ప్రాసిక్యూటర్‌కు తెరిచి, చట్టసభను గడప బయటే నిలబెట్టింది. ఆరు నెలలకు, 1975 జనవరిలో మన సుప్రీంకోర్టు ముందుకూ ఇదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. ఇందిరాగాంధీ ఎన్నికపై రాజ్‌నారాయణ్ వేసిన కేసులో ప్రధాని భద్రతా ఏర్పాట్ల ‘బ్లూ బుక్’ బయటపెట్టబోమని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం పట్టుబట్టింది. బయటపెట్టాలా వద్దా అన్నది ప్రభుత్వం మాటతో ముగిసిపోదని, పత్రాన్ని కోర్టు తెప్పించుకుని చూడవచ్చని తీర్పు వచ్చింది. అక్కడా ఇక్కడా తెరవగలిగిన చెయ్యి న్యాయస్థానానిదే.

తీర్పు వచ్చిన పన్నెండో రోజు, ఆగస్టు 5న, ఒక టేపు ప్రతి విడుదలైంది. 1972 జూన్ 23 నాటి సంభాషణ అది. ఎఫ్‌బీఐ దర్యాప్తును ఆపేలా సీఐఏ చేత చెప్పించాలన్న హాల్డెమన్ పథకానికి నిక్సన్ సరేనంటారు. కమిటీలో మొదటి అభియోగానికి వ్యతిరేకంగా ఓటేసిన పదకొండు మంది రిపబ్లికన్లూ ఇక అభిశంసనకు ఓటేస్తామన్నారు. వారిలో కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ విగిన్స్ అప్పటిదాకా నిక్సన్ పక్షాన అందరికంటే గట్టిగా వాదించినవాడు. గద్గద స్వరంతో ఆయనా ఆ మాట చెప్పాడు. ఆ కొద్ది రోజుల్లో పార్టీ మారలేదు, సిద్ధాంతం మారలేదు, ఓటర్లు మారలేదు. మారింది వాళ్ల బల్ల మీదున్న కాగితం. ఆగస్టు 7న సెనేటర్ గోల్డ్‌వాటర్ మరో ఇద్దరు పార్టీ నేతలతో కలిసి వెళ్లి, నిర్దోషిగా బయటపడటానికి కావాల్సిన 34 ఓట్ల దరిదాపుల్లో కూడా మీరు లేరని నిక్సన్‌కు చెప్పారు. మర్నాడు రాత్రి రాజీనామా ప్రకటన వచ్చింది. 9న ఆయన వెళ్లిపోయారు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. అధ్యక్షుడి పక్కన కూర్చున్న సలహాదారు రేపు ఏ కమిటీ ముందో తన మాటలు చదువుతారని భయపడితే నోరు విప్పుతాడా? మొహమాటం లేకుండా చెడు సలహాకు చెడు సలహా అని చెప్పేవాడు కావాలంటే గది తలుపు మూసి ఉండాలి. ఇది నిక్సన్ లాయర్ల కట్టుకథ కాదు, కోర్టు ఒప్పుకున్న నిజం. సిరికా పద్ధతి దీనికి చాలామటుకు జవాబు చెప్పింది. ముందు న్యాయమూర్తి ఒంటరిగా విన్నారు, దర్యాప్తుకు అక్కర్లేనిది పక్కనపెట్టారు, కావాల్సింది ఇచ్చారు. గోప్యత కావాలన్నవాడే దాని సరిహద్దు గీయడం ఎంత తప్పో, అడిగినదంతా వీధిలో పరచాలనడం అంతే తప్పు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. కాగితం మీద అంత పట్టుబట్టిన ప్రతినిధుల సభ కమిటీయే, 1969-70ల్లో కంబోడియా మీద పధ్నాలుగు నెలలు సాగిన రహస్య బాంబింగ్‌ను కాంగ్రెస్‌కు తెలియకుండా దాచారన్న నాలుగో ప్రతిపాదనను 26-12తో తోసిపుచ్చింది. మూడున్నర వేలకు పైగా విమాన దాడులు, తప్పుడు రికార్డులు. యుద్ధాధికారం కంటే పెద్ద కార్యనిర్వాహక అధికారం ఏముంటుంది? కొందరు నేతలకు ముందే తెలుసని, యుద్ధానికి డబ్బు ఇచ్చింది తామేనని సభ్యులకు గుర్తొచ్చింది కాబోలు. తన చేతికి మసి అంటిన చోట చట్టసభ కాగితం అడగదు.

రెండో అభ్యంతరం ఇప్పటిది. సాక్ష్యం సంగతి వదిలేయండి, ఇవాళ్టి పార్టీ విధేయత ముందు ఏ టేపూ పనిచేయదంటారు. 2021 జనవరి 6న కాపిటల్ భవనం మీద దాడిని ప్రపంచం ప్రత్యక్ష ప్రసారంలో చూసింది. అయినా ఫిబ్రవరిలో సెనేట్ లెక్క 57-43. డొనాల్డ్ ట్రంప్‌ను దోషిగా తేల్చడానికి పది ఓట్లు తగ్గాయి. ఈ అభ్యంతరంలో బలం ఉంది, నేను కాదనను. సాక్ష్యం ఉంటే చాలునని ఎవరైనా అంటే ఆ లెక్క చూపించవచ్చు. కానీ అది లేకుండా కుదరదన్న మాట అలాగే ఉంటుంది. 1974లోనూ ఆగస్టు 4 దాకా విగిన్స్ పార్టీ విధేయుడే. 2019-20లో ఉక్రెయిన్ వ్యవహారంపై ట్రంప్ మీద అభిశంసన సాగినప్పుడు వైట్‌హౌస్ దర్యాప్తుకు అసలు సహకరించబోమని అక్టోబరులోనే లేఖ రాసింది. సాక్షులను పిలవాలన్న ప్రతిపాదనను సెనేట్ 51-49తో తిరస్కరించింది. టేపు వినకముందే విచారణ ముగిసిపోయిన సభలో విగిన్స్ లాంటివాడు ఉన్నాడో లేడో ఎలా తెలుస్తుంది? కోర్టుకు వెళ్లవలసిందనే వాళ్లకు మెక్‌గాన్ కేసు జవాబు. వైట్‌హౌస్ మాజీ న్యాయ సలహాదారు డాన్ మెక్‌గాన్‌కు ప్రతినిధుల సభ 2019 ఏప్రిల్‌లో సమన్లు పంపింది. ఆయన వచ్చి మాట్లాడింది 2021 జూన్‌లో, మూసిన తలుపుల వెనక. అప్పటికి ట్రంప్ మాజీ అధ్యక్షుడై నాలుగు నెలలు దాటింది. జవోర్‌స్కీ 1974 ఏప్రిల్‌లో అడిగితే జూలైలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రాసిక్యూటర్‌కు మూడు నెలలు, చట్టసభకు రెండేళ్లు.

ప్రాసిక్యూటర్ దారి కూడా ఇప్పుడు ఇరుకైంది. నిక్సన్ తర్వాత 1978లో తెచ్చిన స్వతంత్ర ప్రాసిక్యూటర్ చట్టాన్ని, క్లింటన్ మీద కెన్నెత్ స్టార్ దర్యాప్తు ఎక్కడెక్కడికో పాకిపోయాక రెండు పార్టీలూ విసుగెత్తి 1999లో గడువు తీరనిచ్చాయి. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. 2024 జూలై 1న సుప్రీంకోర్టు 6-3తో, అధ్యక్షుడి అధికారిక చర్యలకు క్రిమినల్ విచారణ నుంచి విస్తృతమైన రక్షణ ఇచ్చింది. న్యాయశాఖ అధికారులతో ఆయన జరిపే చర్చలకైతే పూర్తి రక్షణే. అలాంటి చర్యలను సాక్ష్యంగా వాడటానికీ హద్దులు పెట్టింది. అభిశంసనకు ఈ తీర్పు అడ్డు కాదు. కానీ 1974లో చట్టసభకు టేపు అందించింది క్రిమినల్ విచారణే కదా. ఎఫ్‌బీఐని ఆపమని సీఐఏకు చెప్పించడం అధ్యక్షుడి అధికారిక విధి అని నిక్సన్ తరఫున ఇవాళ ఏ లాయరైనా నదురు బెదురు లేకుండా వాదించవచ్చు.

ఇక మూడో అభియోగం సంగతి. నిక్సన్ వెళ్లిపోయాక, 1974 ఆగస్టు 20న ప్రతినిధుల సభ 412-3తో కమిటీ నివేదికను స్వీకరించి ఊరుకుంది. అభియోగాల మీద విడిగా ఓటింగ్ పెట్టలేదు. సమన్లు ధిక్కరించడమే అభిశంసనకు చాలునా అన్న ప్రశ్న మళ్లీ సభ ముందుకు రావడానికి నలభై ఐదేళ్లు పట్టింది. 2019 డిసెంబరులో ట్రంప్ మీద పెట్టిన రెండో అభియోగం అదే. ప్రతినిధుల సభలో 229-198తో నెగ్గింది. 2020 ఫిబ్రవరి 5న సెనేట్‌లో మొదటి అభియోగం 52-48తో ఓడినప్పుడు యూటా సెనేటర్ మిట్ రామ్నీ సొంత పార్టీ గీత దాటి దోషి అన్నారు. కొద్ది నిమిషాలకు రెండోదాని వంతు వచ్చింది, లెక్క 53-47. ఈసారి రామ్నీ కూడా దోషి కాదన్నారు. ప్రతినిధుల సభ కోర్టు దారులన్నీ చివరిదాకా చూడకుండానే వచ్చిందన్నది ఆయన చెప్పిన కారణం.